రంగుల డబ్బా: నవ్వే పువ్వులు, ఒళ్లుమండి గీసిన డ్రాగన్

పోయిన నెల ఈ శీర్షికలో నీటిరంగుల కాగితం గురించి రాస్తూ, మాటల్లో మాటగా, బోస్టన్‌లో తకాషి మురకామి బొమ్మల ప్రదర్శన చూసినప్పుడు నాకు సిగ్గేసిందని ఒక్క వాక్యం రాశాను. కాగితం గురించి ఎవరూ అడగలేదు. ఆ వాక్యం గురించి మాత్రం సంచి నిండా ఉత్తరాలు. అందుకని ఈసారి డబ్బా మొత్తం ఆ జపాన్ ఆయనకే. కాగితం సంగతి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: టీచర్ గారూ, మా అమ్మాయి గది నిండా నవ్వుమొహం పువ్వులే. దిండు, కీచైను, ఫోన్ కవరు, అన్నీ అవే. ఎవరివే ఇవి అంటే మురకామి అంటుంది. చిన్నపిల్లలు వేసే పువ్వులా ఉంది, దాన్ని మ్యూజియంలో పెట్టడమేమిటి?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు అడిగిన మాటే నేను మా మనవరాలితో అన్నాను. ఇంకా నాది ఎగతాళి కూడా. 2018 జనవరి చివర్లో బోస్టన్ దగ్గర మా అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాను. తొమ్మిదేళ్ల మనవరాలు అలాంటి దిండునే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఈ పువ్వు మా ఆరో తరగతి పిల్లలు వేస్తే పదికి నాలుగు మార్కులు వేసేదాన్ని" అన్నాను. "అయితే నువ్వొకటి వెయ్యి అమ్మమ్మా" అంది. వేశాను. ముప్ఫై ఒక్కేళ్లు డ్రాయింగు చెప్పిన చెయ్యి ఇది. రేకులు పద్నాలుగొచ్చాయి. దిండు మీద లెక్కపెట్టి "పన్నెండుండాలి" అంది. మళ్లీ వేశాను. ఈసారి రేకులు సరిపోయాయి, నవ్వు కుదరలేదు. పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టుంది నా పువ్వు.

అప్పటికి నాకు తెలియని సంగతేమిటంటే, ఆయనా మనలాంటి పంతులే. టోక్యోలో ఆర్టు కాలేజీ ఎంట్రన్సుకి తయారయ్యే పిల్లలకి కోచింగు సెంటర్లో తొమ్మిదేళ్లు పువ్వులు గీయడం నేర్పించారు. రెండ్రోజులకోసారి పూలు కొనుక్కొచ్చి క్లాసులో పెట్టేవారు. అన్నేళ్లు నిజమైన పువ్వుని చూసి చూసి, విసుగెత్తి, చివరికి ఒక్కో పువ్వుకీ ఒక మొహం ఉందనిపించి 1995 ప్రాంతంలో ఈ పువ్వులు మొదలుపెట్టారు. అంటే ఆ తేలికైన గీత తేలిగ్గా వచ్చింది కాదు.

ఇంకొకటి. మురకామి 1962లో టోక్యోలో పుట్టారు. తండ్రి టాక్సీ నడిపేవారు. తల్లిది కొకురా అనే ఊరు. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబు పడాల్సింది ఆ కొకురా మీదే. ఆ రోజు ఊరు మబ్బులో, పొగలో కప్పబడిపోయి కనిపించక విమానం నాగసాకికి మళ్లింది. మబ్బు లేకపోతే నువ్వు పుట్టేవాడివే కాదని అమ్మ చెబుతుండగా పెరిగిన పిల్లవాడాయన. జపాన్ టీవీలో 'టైమ్ బొకాన్' అని పిల్లల కార్టూన్ వచ్చేది. అందులో విలన్లు ఓడిపోయినప్పుడల్లా పుర్రె ఆకారంలో పొగ లేచేది, పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఆయన ఆ పుర్రె పొగని తీసుకుని పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. కొన్నిట్లో పుర్రె కళ్ల గుంటల్లో ఈ పువ్వులే దండల్లా ఉంటాయి. పువ్వుల గుంపులో అక్కడక్కడ కళ్లల్లో నీళ్లున్న పువ్వులూ కనిపిస్తాయి. దిండ్ల మీద వాటిని వెయ్యరనుకోండి.

మీ అమ్మాయిని తిట్టకండి. ఆ దిండు నాకూ ఒకటి కొనిచ్చారు. మధ్యాహ్నం నడుం వాల్చడానికి బాగుంది.

ప్రశ్న: ఆ బోస్టన్ ప్రదర్శనలో అసలు ఏముంది? మీకెందుకు సిగ్గేసిందో వివరంగా రాయగలరా?
– ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: వివరంగానే రాస్తాను నాయనా, మీరు ఎడిటరు గారికి సర్దిచెప్పండి.

బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో 2017 అక్టోబరు నుంచి 2018 ఏప్రిల్ 1 దాకా జరిగిందది. పేరు 'లీనియేజ్ ఆఫ్ ఎక్సెంట్రిక్స్', మన మాటల్లో తిక్క మనుషుల వంశవృక్షం. ఈ పేరు మురకామి పెట్టింది కాదు. నొబువో త్సుజి అనే కళా చరిత్ర ప్రొఫెసరు 1970లో రాసిన పుస్తకం పేరు. జపాన్ చిత్రకళ అంటే నాజూకు, నిశ్శబ్దం, ఒక కొమ్మా ఒక పిట్టా అనుకునే రోజుల్లో ఆయన ఆరుగురు పాత చిత్రకారుల్ని బయటికి లాగారు. ఇవాసా మతబే, కానో సాన్సెత్సు, ఇతో జకుచు, సోగా షోహకు, నగసావా రోసెత్సు, ఉతగావా కునియోషి. అందరూ ఒక పద్ధతికి లొంగనివాళ్లే. మురకామి ఈ త్సుజి గారికి ఏకలవ్యుడు అనుకోవచ్చు. తేడా ఏమిటంటే ఈ ద్రోణుడు బొటనవేలు అడగలేదు, వేళ్లు వాడమన్నాడు. ఆ సంగతి చెబుతాను.

హంటింగ్టన్ అవెన్యూలో ట్రామ్ దిగేసరికి మంచు మోకాలి దాకా. నేను చీర మీద అల్లుడి కోటు, తలకి మంకీ క్యాప్. లోపల మొదట ఆ రంగులు చూసేసరికి, బయట తెల్లటి మంచు చూసొచ్చిన కళ్లేమో, జిగేలుమన్నాయి. మనవరాలు పరుగెత్తింది. ఆ ప్రదర్శన పద్ధతి ఏమిటంటే, మురకామి బొమ్మ ఒకటీ, దాని వెనకున్న పాత జపాన్ బొమ్మలూ కలిపి పెట్టడం. పాతవి మ్యూజియం సొంత సరుకు. బోస్టన్‌లో ఉన్నంత జపాన్ కళ, జపాన్ బయట ఇంకెక్కడా దొరకడం కష్టం.

నేను ఆగిపోయింది షోహకు డ్రాగన్ దగ్గర. 1763లో వేశాడు. అప్పటికి వయసు ముప్ఫై మూడో ముప్ఫై నాలుగో. కాగితం మీద నల్ల సిరా, అంతే. ఏదో గుడిలోనో పెద్ద ఇంట్లోనో జరిపే తలుపుల మీద వేసిన బొమ్మ. బోస్టన్ డాక్టరు విలియం స్టర్గిస్ బిగెలో జపాన్‌లో ఉండగా సేకరించాడు. 1911లో మ్యూజియానికి చేరేసరికి తలుపుల చట్రాల్లోంచి ఊడదీసి ఉంది. ఎనిమిది పలకలు, పక్కపక్కన పెడితే దాదాపు పదకొండు మీటర్లు. నాలుగింటి మీద తల, గోళ్లు. నాలుగింటి మీద తోక. నడుమ ఒళ్లు లేదు! ఒకప్పుడు మధ్యలో ఇంకొన్ని పలకలు ఉండేవేమో అంటారు. నాకు మాత్రం, ఒళ్లంతా మబ్బులో మనం నిలబడ్డ చోటే ఎక్కడో ఉందనిపించింది.

ఆ మొహం చూడాలి మీరు. డ్రాగన్ అంటే భయపెట్టాలి కదా. ఇది మనల్ని చూసి తనే బెదిరినట్టుంటుంది. గుండ్రటి గుడ్లు, పెద్ద ముక్కుపుటాలు, ఏదో అనబోయి మరిచిపోయినట్టు ఒక చూపు. మీసాలు కొరడాల్లా లేచి ఉంటాయి. ఆ మీసం గీతని నేను వేలితో గాలిలో గీసి చూశాను. మోచెయ్యి సరిపోదు, భుజం కదలాలి, భుజం కూడా చాలక అడుగు వెయ్యాలి. అంటే ఆ గీత నడుస్తూ గీసింది. పక్కన మబ్బు దగ్గర సిరా తడి ఆరకముందే ఇంకో సిరా తగిలించి పారనిచ్చాడు. తడి ఆరే వేగం, చెయ్యి కదిలే వేగం రెండూ తెలిసినవాడే చెయ్యగల పని. తప్పొస్తే తుడిచే వీల్లేదు. కాగితం మీద సిరా మరి.

ఇక మురకామిది. 2010లో వేసిన ఎర్ర డ్రాగన్. ఎత్తు మూడున్నర మీటర్ల పైన, పొడుగు పద్దెనిమిది మీటర్లు. మా బడి వరండా అంత. దాని పేరు ఇక్కడ పూర్తిగా రాయకపోతే పాపం: 'మబ్బుల్లో డ్రాగన్, ఎర్ర రూపాంతరం: ఒక్కసారన్నా నువ్వే స్వయంగా గీయొచ్చు కదా అని ప్రొఫెసర్ నొబువో త్సుజి అంటే ఒళ్లుమండి నేనే గీసిన బొమ్మ.'

ఇది పేరు! గోడ మీద చదివి గట్టిగా నవ్వాను. అందరూ నావంక తిరిగారు.

కథేమిటంటే, 2009 నుంచి 2011 దాకా జపాన్‌లో ఒక కళా పత్రికలో త్సుజి గారు, మురకామి కలిసి ఒక శీర్షిక నడిపారు. అచ్చం మన 'రంగుల డబ్బా' లాగే ఉత్తర ప్రత్యుత్తరాలు. ప్రొఫెసరు ఒక పాత బొమ్మ గురించి రాసి సవాలు విసురుతారు, శిష్యుడు దానికి జవాబుగా కొత్త బొమ్మ వేసి పంపాలి. అలా ఇరవై ఒక్క సార్లు. ఆ మధ్యలోనే, సహాయకుల చేత వేయించడం మానేసి నువ్వే వెయ్యవయ్యా అని ప్రొఫెసరు దెప్పారు. ఈయనకి రోషం వచ్చింది. 24 గంటల్లో పద్దెనిమిది మీటర్లు నింపేశారు.

కోపం కనిపిస్తుంది ఆ బొమ్మలో. ఎరుపు ఒకటే ఎరుపు, లేత, ముదురు. మబ్బు సుళ్లు తిరుగుతూ ఒంట్లోకి వస్తుంది, ఒళ్లు మబ్బులోకి పోతుంది. దగ్గరికెళ్లి చూస్తే రంగు కారిన చారలు అలాగే ఉన్నాయి, తుడవలేదు. మరీ దగ్గరికి వెళ్లానేమో, గార్డు వచ్చి "మేడమ్, ఒక్క అడుగు వెనక్కి" అన్నాడు మర్యాదగా. వెనక్కి జరిగాను, కోటు జేబులోంచి మనవరాలి గ్లవ్ జారిపడింది. అతనే తీసిచ్చాడు.

పోల్చి చెప్పమంటే చెబుతాను. షోహకు డ్రాగనే గొప్పది. నా మట్టుకు అందులో సందేహం లేదు. ఎర్రదానిలో బలం ఉంది, పంతం ఉంది. కానీ ఆ నల్ల డ్రాగన్ కళ్లల్లో ఉన్న బిత్తరచూపు పంతంతో వచ్చేది కాదు. అయితే ఒక్క మాట. ఎర్రదాన్ని చూడకపోతే నల్లదాని ముందు నేను గంటసేపు నిలబడేదాన్ని కాను. ఇది చూసి అక్కడికి, అది చూసి ఇక్కడికి, ఎన్నిసార్లు తిరిగానో. "అమ్మమ్మా, నాకు ఆకలి" అని మనవరాలు చెయ్యి లాగేదాకా.

సిగ్గెందుకంటే, దిండు చూసి పదికి నాలుగేసిన మనిషిని నేను. ఆ చెయ్యి ఎవరి దగ్గర చదువుకుందో కనుక్కోకుండానే మార్కులు వేశాను.

ప్రశ్న: మేడమ్, మురకామి దగ్గర బోలెడంతమంది సహాయకులు పనిచేస్తారట. వాళ్లు వేసిన బొమ్మ కింద ఆయన సంతకం చేస్తే అది ఆయనదెలా అవుతుంది?
– ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: బాబూ, మా నాన్న బెజవాడలో సినిమా బ్యానర్లు రాసేవారు. స్టిల్ ఫోటో మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గుడ్డ మీద సుద్ద దారం లాగి పెద్ద గళ్లు కొట్టి, గడికి గడి ఎక్కించేవారు. హీరో మొహం, చేతులు నాన్న. చొక్కా, కోటు నాన్న దగ్గరి కుర్రాళ్లు. వెనక ఆకాశం అందరికంటే చిన్నవాడు. అక్షరాలకి వేరే మనిషి. నలభై అడుగుల గుడ్డ రెండ్రోజుల్లో సెంటర్లో లేవాలి మరి, ఒక్కడివల్ల అయ్యే పనా? కింద మూల రాసే పేరు మాత్రం నాన్నదే. అది మోసమని ఎవరూ అనలేదు. ఆ కుర్రాళ్లలో ఇద్దరు తర్వాత సొంతంగా షాపులు పెట్టుకున్నారు.

జపాన్‌లో కానో వంశం వాళ్ల చిత్రశాల కూడా అంతే, గురువు కింద శిష్యులు తరతరాలుగా. మురకామి 1996లో 'హిరోపోన్ ఫ్యాక్టరీ' అని మొదలుపెట్టి, 2001లో దాన్ని 'కైకై కికి' కంపెనీగా మార్చారు. ఆ పేరు కూడా పాతదే. ఆ వంశంలోనే కానో ఐతొకు అనే పాత చిత్రకారుడి బొమ్మల్ని ఒకప్పుడు వింతైనవీ విడ్డూరమైనవీ అని వర్ణించిన మాటలోంచి తీసుకున్నారు. ఆయన చిన్న కాగితం మీద గీస్తారు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి గీత సాపు చేస్తారు. రంగు రంగుకీ స్క్రీన్ తయారుచేసి పొర మీద పొర అచ్చు వేస్తారు, మళ్లీ చేత్తో దిద్దుతారు. దగ్గరికెళ్లి చూసినా కుంచె జాడ దొరకదు. నాకు ఆ నున్నదనం కాస్త ఊపిరాడనివ్వదు, అది నా అలవాటు లోపం కావచ్చు.

2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చాక ఆయన 'ఐదువందల అర్హతులు' అనే బొమ్మకి దిగారు. అర్హతులంటే జ్ఞానం పొందిన బుద్ధుడి శిష్యులు. ఎత్తు మూడు మీటర్లు, పొడుగు వంద మీటర్లు. ఆర్టు కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు రెండు వందల మందికి పైగా పనిచేశారు. 2012లో దోహాలో మొదటిసారి పెట్టారు. దానికీ పాత ఒరవడి ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కానో కజునొబు అనే ఆయన టోక్యోలోని జోజోజి గుడి కోసం అర్హతుల బొమ్మలు వంద పటాలు వేశాడు. చివరి పటాలు పూర్తికాకుండానే పోతే, మిగిలినవి ఇంటివాళ్లూ శిష్యులూ ముగించారు. ఇప్పుడు చెప్పు, అవెవరివి?

అయినా నీ ప్రశ్నలో సగం త్సుజి ప్రొఫెసరు అడిగేశారు కదా. జవాబు ఎర్రగా పద్దెనిమిది మీటర్లు ఉంది.

ప్రశ్న: హ్యాండ్‌బ్యాగుల మీద బొమ్మలేసి లక్షలకి అమ్మేవాణ్ని కళాకారుడంటారా?
– రిటైర్డ్ తహసీల్దారు, నెల్లూరు

జవాబు: 2003లో లూయీ విట్టాన్ కంపెనీకి 33 రంగుల్లో డిజైన్ చేశారు, నిజమే. తర్వాత 2007లో లాస్ ఏంజెలెస్ మ్యూజియంలో ఆయన ప్రదర్శన పెట్టినప్పుడు లోపలే ఆ బ్యాగుల కొట్టు కూడా తెరిచారు. చాలామందికి కోపం వచ్చింది. ఆయన దాచుకోలేదు, అదీ ప్రదర్శనలో భాగమే అన్నారు. నాకు ఆ బ్యాగు ఇచ్చినా వద్దు. కలంకారీ చీర మీద మీరు బేరమాడేటప్పుడు మాత్రం అద్దకం వేసినవాడు కళాకారుడా కాదా అని అడగరు కదండీ.

ప్రశ్న: 'సూపర్‌ఫ్లాట్' అని చదివాను. అర్థం కాలేదు.
– డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: మీ పక్క జిల్లాలోనే చేర్యాల ఉందమ్మా. నకాషీ వాళ్ల పటం చూశావా? వెనకంతా ఎర్రటి రంగు. దేవుడు, ఆవు, చెట్టు, పల్లకీ, అన్నీ ఒకే తెర మీద అతికించినట్టుంటాయి. దూరంగా ఉన్నది చిన్నదిగా, దగ్గరున్నది పెద్దదిగా వెయ్యాలనే రూలు లేదు. నీడ లేదు. కథ చెప్పేవాడు పటం విప్పుతూ పోతుంటే నీ కన్ను దాని వెంట పోతుంది. అది చూసినదానివి గనక నీకు సగం అర్థమైనట్టే. చేర్యాలకీ మురకామికీ చుట్టరికం ఉందని కాదు, పోలిక చెబుతున్నానంతే.

జపాన్ పాత బొమ్మల్లోనూ లోతు ఉండదు, చదునుగా ఉంటాయి. కాకపోతే కంటిని పరుగెత్తిస్తాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కానో సాన్సెత్సు 1646లో తలుపుల మీద వేసిన ముసలి ప్లమ్ చెట్టు ఉంది. కొమ్మ పైకి లేస్తుంది, ఠక్కున కిందికి విరుగుతుంది, పాకుతుంది, మళ్లీ లేస్తుంది. కన్ను ఆగనివ్వదు. యోషినోరి కనడా అనే యానిమేటరు సినిమాల్లో పేలుళ్లు, మంటలు గీసే తీరు కూడా అచ్చం ఇదేనని మురకామి వాదన. అంటే గుడి తలుపు మీది బొమ్మకీ టీవీ కార్టూన్‌కీ మధ్య గోడ లేదు, రెండూ ఒకే వంశం. 2000లో ఆ మాటతో టోక్యోలో ఒక ప్రదర్శన పెట్టారు, మరుసటేడు అది లాస్ ఏంజెలెస్ వెళ్లింది. గొప్ప కళ, చౌక కళ అనే ఎత్తుపల్లాలు కూడా చదునైపోయాయనీ, యుద్ధం తర్వాత దేశమే చదునైపోయిందనీ ఇంకో రెండర్థాలు కలిపారు. ఇంత బరువు ఒక్క మాట మోయగలదా అని నాకు అనుమానమే. మొదటి అర్థం మాత్రం కళ్లతో చూసి తెలుసుకోవచ్చు.

ఆయన '727' అనే బొమ్మ ఉంది, 1996ది, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో. మిస్టర్ డాబ్ అని ఆయన సృష్టించిన పెద్ద చెవుల పాత్ర ఒక అల మీద పళ్లికిలించుకుంటూ దూసుకొస్తుంది. ఆ అల పన్నెండో శతాబ్దపు షిగిసాన్ పటంలోని మబ్బు. '727' అనేది మాత్రం రైల్లోంచి కనిపించే ఒక సౌందర్య సాధనాల కంపెనీ బోర్డు! వెనకాల రంగు పొరలు పొరలుగా పూసి, మళ్లీ అరగదీసి, పాత గోడలా చేశారు. చూడు, ఒకే చట్రంలో పటం, కార్టూను, సైన్‌బోర్డు.

ప్రశ్న: టీచర్ గారూ, ఎంత చెప్పినా జపాన్ బొమ్మలు జపాన్ వాళ్లవి. వాటితో బందరువాళ్లకేం పని?
– మీ పూర్వ విద్యార్థిని, మచిలీపట్నం

జవాబు: ఓసి నువ్వా! చేతిరాత చూసి పోల్చుకున్నాను. బందరువాళ్లకే పని ఉంది, విను.

మన క్లాసులో వాష్ పద్ధతి నేర్పించాను, గుర్తుందా? కాగితం మీద రంగు వేసి, ఆరాక పళ్లెంలో నీళ్లు పోసి బొమ్మని ముంచి తీసేవాళ్లం. నువ్వు ఒకసారి నీ సరస్వతిని తీయడం మరిచిపోతే వీణ కరిగిపోయింది. ఆ ముంచడం ఎక్కడిది? 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. తైకాన్ తడి కుంచెతో కాగితాన్ని తడుపుతూ రంగు వెయ్యడం చూసి, అవనీంద్రనాథ్ ఠాగూర్ ఏకంగా కాగితాన్నే నీళ్లల్లో ముంచడం మొదలుపెట్టారు. ఆ బెంగాలు పద్ధతిని ప్రమోద కుమార చటర్జీ గారు మన ఆంధ్ర జాతీయ కళాశాలకి తెచ్చారు. కోపల్లె హనుమంతరావు గారు బందరులో పెట్టిన ఆ కళాశాలే. అక్కడ ఆయన దగ్గర అడివి బాపిరాజు గారు బొమ్మలు నేర్చుకున్నారు.

ఆ తైకాన్ గురువు ఒకకురా కకుజో. టోక్యోలో లలిత కళల పాఠశాలకి పెద్దగా ఉండి, పాశ్చాత్యుల తైలవర్ణాల హోరులో మన పద్ధతి పోకూడదని పట్టుబట్టిన మనిషి. రాళ్లు నూరిన రంగులు, జంతువుల జిగురు, ఆల్చిప్పల తెలుపు, వీటితో వేసే ఆ చిత్రకళని 'నిహోంగా' అంటారు. ఆ పాఠశాలే తర్వాత టోక్యో కళా విశ్వవిద్యాలయంలో కలిసింది. 1993లో అక్కడ నిహోంగాలో డాక్టరేట్ తీసుకున్నదెవరనుకున్నావు? నవ్వే పువ్వుల మురకామి! అంటే నీ వీణ కరిగిన పళ్లెం, ఆ దిండు మీది పువ్వు, రెండూ వెనక్కి నడుచుకుంటూ పోతే ఒకే గుమ్మం దగ్గర కలుస్తాయి.

ఇంకా ఉంది. ఒకకురా 1904లో వెళ్లి పనిచేసింది ఆ బోస్టన్ మ్యూజియంలోనే. 1917లో అదే మ్యూజియంలో భారతీయ కళా విభాగానికి వచ్చిన ఆనంద కుమారస్వామి, ఆ ఏడే 'అభినయ దర్పణం' ఇంగ్లీషు అనువాదం 'మిర్రర్ ఆఫ్ జెస్చర్' అచ్చు వేయించారు. దాని మీద రెండో పేరు ఎవరిదో తెలుసా? మన చీరాల పేరాల ఆంధ్రరత్న, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిది. బోస్టన్‌లో ఆ మెట్లెక్కుతుంటే నాకు ఇదంతా బుర్రలో లేదు. ఇంటికొచ్చాక, పుస్తకాలు తిరగేశాక తట్టింది. మళ్లీ ఒకసారి వెళ్లాలి, ఈసారి అల్లుడి కోటు కాకుండా నా సైజుది వేసుకుని.

ప్రశ్న: 2025లో మేము క్లీవ్‌లాండ్ మ్యూజియంలో మురకామి ప్రదర్శన చూశాం. హాలు మధ్యలో ఎర్రటి ఎనిమిది మూలల గుడి కట్టారు. అదేమిటి? పిల్లల్ని ఇలాంటివాటికి తీసుకెళ్లొచ్చా?
– ఒక తల్లి, ఒహాయో

జవాబు: అది జపాన్‌లోని హొర్యూజి మఠంలో ఉన్న యుమెదోనో, స్వప్న మందిరం, దానికి ఆయన కట్టించిన నమూనా. అసలు మందిరం ఎనిమిదో శతాబ్దిది. లోపల గుడ్డలు చుట్టి శతాబ్దాల తరబడి ఎవరికీ చూపించని ఒక విగ్రహం ఉండేది. 1884లో దాన్ని తెరిపించినవాళ్లు అమెరికా పంతులు ఫెనొలోసా, ఇంకా పైన చెప్పిన మన ఒకకురా. తెరిస్తే భూకంపం వస్తుందని అక్కడివాళ్లు భయపడ్డారట.

పిల్లల సంగతంటారా, పువ్వులకీ డ్రాగన్లకీ నిక్షేపంగా తీసుకెళ్లండి. ఆయన తొలినాటి బొమ్మల్లో కొన్ని మాత్రం మనకే తల పక్కకి తిప్పుకోవాలనిపిస్తాయి. ముందు మీరొక చుట్టు చుట్టి రండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఎప్పుడూ యానిమే కళ్లే గీస్తాడు. డ్రాయింగు పరీక్షకి టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?
– ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: మాన్పించకండి. మురకామి కూడా మొదట యానిమేషన్‌లోకే పోదామనుకున్నారు, ఆ తర్వాతే నిహోంగా పట్టారు.

ఈ కింది ముక్క అబ్బాయికి చదివి వినిపించండి. బాబూ, మీ పెరట్లోనో పక్కింట్లోనో మందార చెట్టు ఉంటుంది. రోజూ పొద్దున ఒక పువ్వు కోసి, గ్లాసులో పెట్టి, పెన్సిల్‌తో వెయ్యి. రబ్బరు వాడొద్దు. తొమ్మిది రోజులు. మొదటి ఎనిమిదీ నిజం పువ్వులే, కళ్లూ ముక్కూ పెట్టకూడదు. తొమ్మిదోదానికి నీ ఇష్టం వచ్చిన యానిమే కళ్లు పెట్టుకో. ఆ తొమ్మిదీ వరసగా నాకు పోస్టులో పంపు. మడతపెట్టకు, అట్టముక్క మధ్య పెట్టి పంపు. పదికి ఎన్నేస్తానో ఇప్పుడే చెప్పను, ముందు మా మనవరాలికి చూపించాలి.